ఫోస్టర్ కేర్ నుంచి దత్తత దాకా: ఒక క్రైస్తవ ఇంట్లో అక్కాతమ్ముళ్లు (కేస్ స్టడీ)

ఉమ్మడి వరంగల్ జిల్లాలో పిల్లల సంరక్షణ కౌన్సెలర్‌గా పనిచేస్తున్న నాకు, ఫోస్టర్ కేర్‌గా (అంటే దత్తత ఇవ్వకుండా, బిడ్డను కొంతకాలం వేరే కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటుగా) మొదలై దత్తతగా పూర్తయిన కేసులు అరుదుగానే ఎదురయ్యాయి. వాటిలో ఒకదాన్ని సాటి కౌన్సెలర్ల కోసం, సంఘ కాపరుల కోసం, దత్తత ఆలోచనలో ఉన్న క్రైస్తవ దంపతుల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ కేసులో చట్టం పాత్ర ఎంత ఉందో దైవవిశ్వాసం పాత్రా అంతే ఉంది. అయినా బిడ్డను ఇచ్చేముందు కుటుంబాన్ని పరిశీలించి రాసే మన గృహ అధ్యయన నివేదికల్లో ‘మతం’ అన్న గడిలో ఒక్క మాట రాసి ఆ సంగతి అక్కడితో వదిలేస్తాం. ఆ ఒక్క మాట వెనక ఇద్దరు పిల్లల దుఃఖాన్ని మోయగల శక్తీ ఉంటుంది, ఆ దుఃఖాన్ని నోరెత్తనివ్వని ప్రమాదమూ ఉంటుంది. ఈ ఇంట్లో నేను రెండింటినీ చూశాను.

బాలల న్యాయ చట్టం 2015లోని 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపును బయటపెట్టడం నేరం. ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అందువల్ల ఇందులో పేర్లు లేవు. ఊర్లు, ఉద్యోగాలు, తేదీలు కొన్ని మార్చాను. పిల్లలను అక్క, తమ్ముడు అనే రాస్తాను. వాళ్లను కన్న ఆవిడను తల్లి అనీ, పెంచుకున్న ఆవిడను పెంపుడు తల్లి అనీ రాస్తాను.

పిల్లల నేపథ్యం

పరకాల దిక్కున ఒక పల్లె వీరిది. తమ్ముడు నడక నేర్చే వయసులోనే తండ్రి రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. తల్లి పత్తి ఏరడానికి, మిర్చి ఏరడానికి కూలికి పోయి ఇద్దరినీ సాకింది. 2021లో జబ్బుపడి ఆమె కూడా కన్నుమూసింది. అప్పటి నుంచి పిల్లలు తండ్రి తల్లి అయిన బాపమ్మ దగ్గర ఉన్నారు. ఆమెకు కళ్లు సరిగా కనిపించవు, మోకాళ్లు కదలనివ్వవు. నెలకు వచ్చే 2,016 రూపాయల ఆసరా పింఛనే ముగ్గురికీ ఆధారం. వంట, నీళ్లు, తమ్ముడి ఆలనాపాలనా తన మీద పడేసరికి అక్క బడి మానేసింది. ఊరి అంగన్‌వాడీ టీచరు గమనించి బాలల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయడంతో కేసు బాలల సంక్షేమ సమితి ముందుకు వచ్చింది.

సంరక్షణ గృహాల్లో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వసతి వేర్వేరు కావడంతో అక్క ఒక చోట, తమ్ముడు ఇంకో చోట ఉండాల్సి వచ్చింది. తల్లి పోయిన తర్వాత వాళ్లకు ఒకరికొకరే మిగిలారు. ఇప్పుడు అదీ తెగింది. తమ్ముడు రాత్రుళ్లు పక్క తడపడం, అక్క ఎవరితోనూ మాట్లాడకపోవడం అప్పుడే మొదలయ్యాయి. వీలైనంత వరకు తోబుట్టువులను ఒకే ఫోస్టర్ కుటుంబంలో కలిపి ఉంచాలని 44వ సెక్షన్ చెబుతుంది. ఈ ఇద్దరికి ఫోస్టర్ కేర్ సిఫార్సు చేయడానికి అదే మొదటి కారణం.

రెండో కారణం బాపమ్మ. “నాకు పానం మంచిగైనంక నా పిల్లలను నేనే తోల్కపోత” అని ఆమె సమితి ముందు చెప్పింది. అప్పటికి ఆమెకు పిల్లలను వదులుకునే ఆలోచన లేదు కాబట్టి దత్తత ప్రస్తావన రాలేదు. దత్తతకు అర్హులని సమితి భావించిన పిల్లలను దీర్ఘకాలిక ఫోస్టర్ కేర్‌కు ఇవ్వకూడదని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఈ తేడాను దంపతులకు మొదటి రోజే విప్పి చెప్పాలి. ఫోస్టర్ కేర్‌ను దత్తతకు దొడ్డిదారి అనుకుని వచ్చే కుటుంబం, బాపమ్మ కోలుకుని పిల్లలను తీసుకుపోతే నిలువునా కూలిపోతుంది. ఆ కూలిపోవడాన్ని చూడాల్సి వచ్చేది మళ్లీ పిల్లలే.

దంపతులు, వారి విశ్వాసం

ఆయన కాజీపేటలో రైల్వే ఉద్యోగి, ఆమె ప్రైవేటు బడిలో టీచరు. పెళ్లయి పద్నాలుగేళ్లయినా సంతానం లేదు. ఇద్దరూ పుట్టుకతో క్రైస్తవులు, బాప్టిస్టు సంఘ సభ్యులు. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879 నుంచి ఉంది. ఆయన ముత్తాత కాలం నుంచి ఆ కుటుంబం ఆ సంఘంలోనే ఉంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనం, అంటే దిక్కులేని పిల్లలను, విధవరాండ్రను వారి ఇబ్బందిలో పరామర్శించడమే దేవుని ఎదుట పవిత్రమైన భక్తి అన్న మాట, వాళ్ల ఇంటి హాల్లో గోడ మీద ఉంది. “దేవుడు మమ్మల్ని ఈ పనికి పిలిచాడు మేడమ్” అని ఆమె మొదటి భేటీలోనే చెప్పింది.

ఈ మాట విన్నప్పుడు మనలో కొందరు అనుమానంగా చూస్తారు, మరికొందరు దాన్నే అర్హతగా తీసుకుంటారు. నా ఉద్దేశంలో అది గౌరవించాల్సిన మాటే, అయితే గృహ అధ్యయనం అక్కడి నుంచి మొదలుకావాలి. పిలుపు ఉందని నమ్మినవాళ్లు కష్టకాలంలో తొందరగా చేతులెత్తేయరు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. కానీ పిలుపు అన్న మాట కింద తీరని దుఃఖం కూడా దాగి ఉండవచ్చు. ఈ ఇంట్లో ఉంది. ఏటా మహిళల కూడికలో, బైబిల్లో సంతానం కోసం ప్రార్థించిన హన్నా కథ చదివినప్పుడల్లా ఆమెను ముందుకు పిలిచి, తలపై చేతులుంచి, గర్భఫలం కోసం ప్రార్థించేవాళ్లు. ప్రతిసారీ ఆమె తలవంచుకుని నిలబడేది, ఇంటికి వచ్చి ఏడ్చేది, ఆయన ఏమీ అనలేక డ్యూటీకి వెళ్లిపోయేవాడు. కనలేకపోయామన్న బాధను ఇద్దరూ కలిసి నోరు విప్పి మాట్లాడుకున్నది మా సెషన్లలోనే మొదటిసారి. ఆ దుఃఖం తీరేదాకా పిల్లలను ఇవ్వకూడదని నేను అనను, ఎందుకంటే అది పూర్తిగా తీరేది కాదు. అయితే దానికి ఒక పేరు పెట్టి పక్కన కూర్చోబెట్టుకోవడం నేర్చుకున్నాకే ఇంకొకరి దుఃఖాన్ని ఇంట్లోకి రానివ్వాలని నమ్ముతాను.

ఈ మధ్యలో ఒక బంధువు, ఒక నర్సింగ్ హోంలో అప్పుడే పుట్టిన పాప ఉందనీ, కాగితాల బాధ లేకుండా చేతికి వస్తుందనీ కబురు తెచ్చాడు. చట్టప్రకారం కాకుండా బిడ్డను ఇచ్చినా, తీసుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. డబ్బు చేతులు మారితే అది పిల్లల అమ్మకం, దానికి శిక్ష ఇంకా ఎక్కువ. వాళ్లు వద్దన్నారు. ప్రార్థనాపరులైన కుటుంబాలు కూడా ‘దేవుడే దారి చూపాడు’ అనుకుని ఇలాంటి ఉచ్చులో పడడం ఈ ప్రాంతంలో ఉంది కాబట్టి సంఘ కాపరులకు ఈ విషయం గట్టిగా చెబుతున్నాను.

నేను వాళ్లను అడిగిన ప్రశ్నల్లో రెండింటిని ఇక్కడ రాస్తాను. క్రైస్తవ కుటుంబాల గృహ అధ్యయనంలో ఇవి ఉండి తీరాలని నా అభిప్రాయం. మొదటిది: ఈ బిడ్డ పెద్దయ్యాక కూడా మీ దేవుణ్ణి నమ్మకపోతే మీ ప్రేమలో ఏం మారుతుంది? ఆయన చాలాసేపు ఆలోచించి, “మా నాయన నన్ను బలవంతంగా నమ్మియ్యలేదు మేడమ్, తను నమ్మినట్టు బతికిండు. నేనూ అంతే చేస్త” అన్నాడు. రెండోది: బెత్తం వాడనివాడు తన కుమారునికి విరోధి అన్న సామెతల గ్రంథంలోని వాక్యాన్ని మీ ఇంట్లో ఎలా అర్థం చేసుకుంటారు? దీని మీద ఇద్దరికీ భిన్నాభిప్రాయం ఉండేది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న బిడ్డ మీద చెయ్యి లేస్తే, ఆ బిడ్డకు అది క్రమశిక్షణగా అర్థం కాదు, ఇక్కడి నుంచి కూడా పంపేస్తారన్న భయంగా అర్థమవుతుంది. ఈ విషయంలో నేను రాజీపడలేదు. ఏ పరిస్థితిలోనూ కొట్టబోమని రాతపూర్వకంగా ఒప్పుకున్న తర్వాతే సిఫార్సు రాశాను.

జిల్లా స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ ఆమోద కమిటీ పరిశీలన, పోలీసు విచారణ, వైద్య పరీక్షలు పూర్తయి, సమితి ఉత్తర్వుతో 2022 చివర్లో పిల్లలిద్దరూ ఆ ఇంటికి వెళ్లారు. అప్పటికి అక్కకు తొమ్మిదేళ్లు, తమ్ముడికి ఆరేళ్లు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల చొప్పున వచ్చే సాయాన్ని వాళ్లు పిల్లల పేరు మీదే దాచారు. ‘డబ్బుల కోసం తెచ్చుకున్నరు’ అన్న మాట చుట్టాల్లో రానే వచ్చింది. దానికి జవాబుగా ఆ పాసుపుస్తకం చాలింది.

మొదటి సంవత్సరం

తమ్ముడు వారం తిరగకముందే పెంపుడు తల్లిని అమ్మా అన్నాడు. ఆ మాట విన్న అక్క వాణ్ణి పక్కకు తీసుకుపోయి కొట్టింది. ఆమె మాత్రం చాలా నెలలు ‘టీచర్’ అనే పిలిచింది. ఎలా పిలవాలో నువ్వే చెప్పమని నేను అడిగితే, ఆలోచించుకుని ‘చిన్నమ్మ’ అంది. చిన్నమ్మ అంటే అమ్మకు చెల్లెలు; అమ్మ స్థానం అమ్మకే ఉంటుంది. పెంపుడు తల్లికి ఆ రోజు మనసు నొచ్చుకున్న మాట నిజమే, కానీ అడ్డుచెప్పలేదు.

సంక్రాంతికి చేసిన సకినాలు డబ్బాలోంచి మాయమై బడిసంచిలో, దిండు కింద, గూట్లో బట్టల మధ్య దొరికాయి. ఆకలి తెలిసిన పిల్లల్లో ఇది సర్వసాధారణం. దొంగతనంగా చూడకూడదు, నిలదీయకూడదు. అక్క పేరు రాసిన ఒక డబ్బాను ఆమె చేతికందే చోట పెట్టి, అది ఎప్పుడూ నిండుగా ఉండేలా చూడమని చెప్పాను. ఆరేడు నెలలకు దాచడం తగ్గింది. తమ్ముడు పక్క తడపడం ఇంకా ముందే ఆగింది; అక్క పక్కనే చాప మీద పడుకోనివ్వడమే అందుకు కారణమని అనుకుంటున్నాను. ఇద్దరికీ విడివిడిగా మంచాలు కొని, గది అలంకరించి, తీరా వాళ్లు కింద పడుకుంటే పెంపుడు తండ్రి చిన్నబుచ్చుకున్నాడు. తర్వాత ఆయనే ఇంకో చాప తెచ్చి వేశాడు.

అసలు పరీక్ష డిసెంబరులో వచ్చింది. క్రిస్మస్‌కు ముందు జరిగిన కృతజ్ఞతా కూడికలో ఒక పెద్దావిడ లేచి, ఎంతో ప్రేమతో సాక్ష్యం చెప్పింది: పద్నాలుగేళ్ల ప్రార్థనకు దేవుడు ఒకటి కాదు, రెండు బహుమానాలు ఇచ్చాడని. సంఘమంతా స్తోత్రం చెప్పింది. కొందరు కళ్లు తుడుచుకున్నారు. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న పెంపుడు తల్లి వెనక నిలబడి, “మా అమ్మ సచ్చిపోతెనే మీ ప్రార్థన దేవుడు ఇన్నట్టా?” అని అడిగింది.

ఈ కేసంతటిలో ఇంతకంటే ముఖ్యమైన వాక్యం లేదు. తొమ్మిదేళ్ల పిల్ల అడిగిన ఆ ప్రశ్నను పెద్ద పెద్ద వేదాంతులు కూడా తప్పించుకుని పోతారు. మన సంఘాల్లో దత్తత గురించి చెప్పే ప్రసంగాలు ఎక్కువగా పౌలు మాటల మీద ఆధారపడతాయి: దేవుడు మనల్ని క్రీస్తునందు దత్తపుత్రులుగా స్వీకరించాడు, కాబట్టి మనమూ దిక్కులేని పిల్లలను స్వీకరించాలి. ఇందులో మొదటి సగం క్రైస్తవ విశ్వాసానికి ప్రాణం, దాని మీద నాకు ఏ పేచీ లేదు. కానీ ఆ పోలికను యథాతథంగా ఇంట్లోకి తెచ్చుకుంటే పెంపుడు తల్లిదండ్రులు దేవుని స్థానంలోనూ, బిడ్డ రక్షణ పొందిన పాపి స్థానంలోనూ నిలబడతారు. అప్పుడు ఆ బిడ్డకు మిగిలే పని జీవితాంతం కృతజ్ఞతగా ఉండడం ఒక్కటే. అమ్మ కోసం ఏడిస్తే అది కృతఘ్నత అవుతుంది, కోపగించుకుంటే తిరుగుబాటు అవుతుంది. దుఃఖానికి చోటు లేని కృతజ్ఞతను పిల్లల మీద రుద్దడం ఒక రకమైన హింసేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పెంపుడు తల్లి ఆ రాత్రి జవాబు చెప్పలేక అక్కను దగ్గరకు తీసుకుని కూర్చుంది. మర్నాడు నాకు ఫోన్ చేసింది. మేమిద్దరం కలిసి జవాబు వెతికాం. ఆమె బిడ్డతో చెప్పిన మాటలు ఇవి: “కాదు బిడ్డా. మీ అమ్మ నాకు తెలిసి ఉంటే, ఆమె బతకాలనే దేవుణ్ణి అడిగేదాన్ని. ఆమె పోవడం మంచికే జరిగిందని నేను ఎన్నడూ అనను, ఎవరైనా అంటే నా ఇంట్లో అననియ్యను.” తర్వాత కొన్ని నెలల పాటు సాయంత్రం ప్రార్థనలో వాళ్లు విలాప కీర్తనలు చదువుకున్నారు. 88వ కీర్తన చీకటి గురించిన మాటతోనే ముగుస్తుంది, ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. దేవుని పుస్తకంలో ఇలాంటిది కూడా ఉందా అని అక్క ఆశ్చర్యపోయింది. లాజరు సమాధి దగ్గర యేసు ఏడ్చాడన్న మాటను ఆమె తన నోటుబుక్కులో రాసుకుంది. విశ్వాసం ఈ ఇంట్లో పిల్లలకు నిజంగా పనికొచ్చింది ఇక్కడే.

పెత్రమాస

మరుసటి ఏడు పెత్రమాస దగ్గరపడుతుండగా తమ్ముడు, “అమ్మకు బియ్యం ఇయ్యాలె” అని మొదలుపెట్టాడు. మన తెలంగాణలో ఆ అమావాస్య నాడు చనిపోయిన పెద్దల పేరు చెప్పి బియ్యం ఇస్తారు, అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మతో పండుగ మొదలవుతుంది. తల్లి బతికున్నప్పుడు ఏటా అక్కతో కలిసి తంగేడు పూలు, గునుగు పూలు ఏరుకొచ్చేది. బతుకమ్మ అంటే ఈ పిల్లలకు అమ్మే.

క్రైస్తవ కుటుంబంలో ఇది చిన్న విషయం కాదు. పితృదేవతలకు అర్పణ అన్న అర్థంలో వాళ్లు దాన్ని చేయలేరు, చేయమని నేనూ అడగను. అయితే ఫోస్టర్ కేర్ కాలంలో పిల్లల చట్టబద్ధమైన సంరక్షకత్వం పెంపుడు కుటుంబానికి దక్కదు. భారతదేశం 1992లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణం, కుటుంబానికి దూరమైన బిడ్డ పెంపకంలో ఆ బిడ్డ మత, సాంస్కృతిక, భాషా నేపథ్యానికి తగిన గౌరవం ఉండాలని అంటుంది. అన్నిటినీ మించి, ఆ పిల్లవాడు అడుగుతున్నది మత ప్రశ్న కాదు. అమ్మను మరచిపోలేదని చెప్పుకునే ఒక రోజు.

దంపతులు పాస్టరుగారి దగ్గరకు వెళ్లారు. వద్దని ఒక్క మాటతో కొట్టేస్తారని నేను అనుకున్నాను. ఆయన నిర్గమకాండం రెండో అధ్యాయం తెరిచి, మోషే ఫరో కూతురి కొడుకుగా పెరిగినా వాడికి పాలిచ్చి పెంచింది కన్నతల్లేననీ, వాడు తనవాళ్లను మరచిపోలేదనీ చెప్పి, పిల్లలను ఆ రోజు బాపమ్మ దగ్గరకు తీసుకుపొమ్మన్నారు. పెంపుడు తల్లి వాళ్లతో ఊరికి వెళ్లింది. బాపమ్మ తన పద్ధతిలో బియ్యం ఇచ్చింది, తమ్ముడు పక్కన కూర్చున్నాడు. పెంపుడు తల్లి ఆ క్రతువులో పాల్గొనలేదు, ముఖం చిట్లించలేదు. సాయంత్రం అక్క ఊరి ఆడపిల్లలతో బతుకమ్మ ఆడింది. తల్లి వర్ధంతి రోజున ఇంట్లో ఆమె పేరు చెప్పి ప్రార్థన చేసి, ఆమె ఇష్టంగా చేసే పచ్చిపులుసు చేసుకోవడం కూడా అదే ఏడు మొదలైంది. దీనివల్ల విశ్వాసం పలచబడిందని సంఘంలో ఒకరిద్దరు అన్నారు. నేను చూసినంతలో ఆ తర్వాతే అక్క సండే స్కూలుకు తనంతట తాను వెళ్లడం మొదలుపెట్టింది.

బాప్తిస్మం విషయంలో కూడా ఆ సంఘం బోధే దారి చూపింది. స్వయంగా విశ్వాసాన్ని ఒప్పుకున్నవారికే బాప్తిస్మమని బాప్టిస్టులు నమ్ముతారు. అలాంటప్పుడు పిల్లలు పెరిగి తామే నిర్ణయించుకునే దాకా ఆగడంలో నష్టమేముందని అడిగాను. పాస్టరుగారు వెంటనే ఒప్పుకున్నారు. ఇందులో లౌకికమైన కోణం కూడా ఒకటుంది. ఈ పిల్లలు షెడ్యూల్డ్ కులానికి చెందినవాళ్లు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే వర్తిస్తుంది. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను మన రాష్ట్రంలో వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ కింద లెక్కిస్తారు. బిడ్డ చదువు మీద, ఉద్యోగం మీద ప్రభావం చూపే ఈ సంగతిని ముందే కుటుంబానికి వివరించడం కౌన్సెలర్ బాధ్యత. నిర్ణయం ఏదైనా, తెలిసి తీసుకున్నదై ఉండాలి.

సంఘం

సాక్ష్యం జరిగిన తర్వాత పాస్టరుగారి అనుమతితో సంఘ పెద్దలతో ఒక సమావేశం పెట్టాం. ఆరాధన యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారమవుతుంది, సంఘం వాట్సాప్ గ్రూపులో వందల మంది ఉన్నారు. పిల్లల ఫొటోలు, వాళ్ల కథ, ‘అనాథ’ అన్న మాట వేదిక మీద కానీ ఫోన్లలో కానీ కనిపించకూడదని అడిగాం. 74వ సెక్షన్ సంగతి చెబితే చాలామందికి తెలియనే తెలియదు. నొచ్చుకున్న వాళ్లు ఉన్నారు, కానీ పాటించారు.

సాయం చేయాలన్న వాళ్ల కోరికకు పనికొచ్చే దారి కూడా చూపాలి కదా. రిటైరైన ఒక లెక్కల మాస్టారు బడి మానేసిన ఏడాది చదువును అక్కకు సాయంత్రాలు చెప్పి పూర్తిచేయించారు. పెంపుడు తండ్రికి నైట్ డ్యూటీ పడిన రోజుల్లో మహిళా సహవాసం నుంచి ఎవరో ఒకరు వచ్చి పెంపుడు తల్లికి తోడుండేవారు. బాపమ్మ కంటి ఆపరేషన్‌కు ఇద్దరు యువకులు వెంట తిరిగారు. పిల్లల సొంత బాపమ్మ ఆ సంఘంలో ఎవరికీ బంధువు కాదు, వాళ్ల విశ్వాసురాలు కాదు. అయినా ఆమెను ఆ ఇంటి మనిషిగా చూశారు. నా దృష్టిలో యాకోబు పత్రికలోని ఆ వచనానికి ఆ సంఘం చేసిన నిజమైన వ్యాఖ్యానం ఇది.

దత్తత

కన్ను బాగైనా బాపమ్మ ఒంట్లో బలం తిరిగి రాలేదు. 2024లో ఆమే, “నేనుండంగనే వీళ్లకు ఒక ఇల్లు కావాలె” అని అంది. అదే ఏడాది జూన్‌లో కేంద్రం కొత్త నమూనా ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు తెచ్చి, ఫోస్టర్ కుటుంబం ఆ బిడ్డను దత్తత తీసుకోవడానికి ఉండాల్సిన ఐదేళ్ల గడువును రెండేళ్లకు తగ్గించింది. సమితి బాపమ్మతో, పిల్లలతో విడిగా మాట్లాడి, విచారణ ముగించి పిల్లలు దత్తతకు చట్టబద్ధంగా అర్హులని ప్రకటించింది. తల్లిదండ్రులు లేక, ఉన్న సంరక్షకులు చూసుకోగల స్థితిలో లేకపోయినా ఆ బిడ్డ అనాథేనని చట్టం నిర్వచిస్తుంది.

క్రైస్తవులకు దత్తత హక్కు లేదన్న అపోహ మన దగ్గర ఇంకా బలంగా ఉంది. పెంపుడు తండ్రి అన్నగారే ఆ వాదన తెచ్చారు. దానికి ఒక చరిత్ర ఉంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం హిందువులు, బౌద్ధులు, జైనులు, సిక్కులకే పరిమితం. క్రైస్తవులు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులు మాత్రమే కాగలిగేవారు. బిడ్డ మేజరు కాగానే ఆ బంధం ముగిసేది, వారసత్వం ఉండేది కాదు. ఎన్నో క్రైస్తవ కుటుంబాల్లో ప్రేమగా పెంచిన పిల్లలు ఆస్తి పంపకాల రోజున పరాయివాళ్లయ్యారు. 2000 నాటి బాలల న్యాయ చట్టం, దానికి 2006లో వచ్చిన సవరణ మతంతో నిమిత్తం లేకుండా దత్తతకు దారి తెరిచాయి. షబ్నమ్ హష్మి కేసులో 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ దారి అందరిదీ అని స్పష్టం చేసింది. ఇప్పటి చట్టంలోని 63వ సెక్షన్ ప్రకారం దత్తత బిడ్డ అన్ని విధాలా కన్నబిడ్డతో సమానం. అయితే అంతకుముందే బిడ్డకు సంక్రమించిన ఆస్తి బిడ్డదే. తండ్రి వాటాగా ఊళ్లో ఉన్న ఇంటి జాగా పిల్లలదేనని ఈ లెక్కన బాపమ్మకూ, తన తమ్ముడి ఆస్తికి వీళ్లే వారసులని అన్నగారికీ ఒకే రోజు కూర్చోబెట్టి చెప్పాను. బాపమ్మ సంతోషించింది. అన్నగారు ఇప్పటికీ ఆ ఇంటికి రావడం తక్కువే.

2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టులకు బదులు జిల్లా కలెక్టర్లే ఇస్తున్నారు. బిడ్డ వయసు, అవగాహనను బట్టి తన ఇష్టాన్ని కూడా పరిగణించాలని చట్టం చెబుతుంది. అక్క తన మాటగా, బాపమ్మను కలవడం ఆపకూడదనీ, తన పేరు మార్చకూడదనీ అడిగింది. పాత నిబంధనలో మొర్దెకై పెంచుకున్న ఎస్తేరుకు హదస్సా అన్న పేరు కూడా ఉందని పెంపుడు తల్లి గుర్తు చేసుకుని, రెండో పేరు పెట్టాలన్న తన పాత కోరికను ఎవరూ అడగకుండానే విరమించుకుంది. తమ్ముడు మాత్రం తనకు బైబిల్లోని పేరు ఒకటి కావాల్సిందేనని పట్టుబట్టి, ఉన్న పేరు పక్కన చేర్పించుకున్నాడు. 2025లో ఉత్తర్వు వచ్చింది, పెంపుడు తల్లిదండ్రుల పేర్లతో కొత్త జనన ధ్రువపత్రాలు అందాయి.

ప్రస్తుత స్థితి

దత్తత తర్వాత రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి పరామర్శ నివేదిక ఇవ్వాలి; ఇప్పుడు ఆ దశలో ఉన్నాం. అక్క వయసుకు తగిన తరగతికి చేరింది, లెక్కల్లో ముందుంది. కోపం వచ్చినప్పుడు “నువ్వు మా అమ్మవు కావు” అనడం ఇంకా ఉంది, కౌమారంలో అది పెరగవచ్చని దంపతులకు చెప్పి ఉంచాను. పెంపుడు తల్లి ఇప్పుడు ఆ మాటకు ఏడవడం లేదు; “కాను, చిన్నమ్మను” అని తన పని తాను చేసుకుంటోంది. తమ్ముడు చదవడంలో వెనకబడి ఉన్నాడు. అది బడి తప్పిన ప్రభావమా, మరేదైనా ఇబ్బందా అన్నది తేలడానికి పరీక్ష చేయించాల్సి ఉంది.

తల్లి ఫొటో, ఆధార్ కార్డు, తండ్రి ప్రమాదం నాటి కాగితాలు, ఊరి చుట్టాల వివరాలు అన్నిటినీ ఒక ఫైలులో పెట్టి దంపతుల దగ్గరే భద్రపరిచాం. పద్దెనిమిదేళ్లు నిండాక తమ మూలాలను తెలుసుకోవాలని పిల్లలు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ పిల్లలకు ఆ అవసరం రాకుండా ఇప్పుడే అన్నీ వాళ్లకు తెలిసి ఉండాలన్నది మా ప్రయత్నం. ఇంటి జాగాను పిల్లల పేరుకు మార్పించే పని గ్రామ పంచాయతీలో మిగిలి ఉంది. బాపమ్మ బలహీనపడుతోంది కాబట్టి ఆమె ఉండగానే ఆ పని పూర్తిచేయాలని తర్వాతి నివేదికలో మొదటి అంశంగా రాశాను.